ఏమీ కలపని వెనిగర్

ఖతార్‌లో ద్రాక్షతోటా అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. మొదటిరోజు నేనూ నవ్వాను. అనంతపురం వైపు ద్రాక్షపందిళ్ల కింద పుట్టి పెరిగినవాణ్ణి, ఇసుకలో ఎండి వేలాడుతున్న ఆ తీగల్ని చూస్తే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? ఆ తర్వాత పదేళ్ల పైన వాటితోనే కాపురం చేశాను. ఇప్పుడు రిటైరై దోహాలోనే, అబూ హమూర్‌లో, కూతురి దగ్గర ఉంటున్నాను. హోల్‌సేల్ మార్కెట్‌కు వెళ్లి కూరగాయలు తేవడం, తెచ్చాక వాటికి వంకలు పెట్టడం తప్ప వేరే డ్యూటీ లేదు.

అగ్రికల్చర్ చదివి కొత్తగా ఇక్కడ దిగిన మీలాంటివాళ్లు శుక్రవారం పూట అప్పుడప్పుడు వస్తుంటారు. వచ్చి అందరూ అడిగేది ఒకటే. ఈ నేలలో, ఈ నీళ్లతో, మందుల్లేకుండా ద్రాక్ష పండుతుందా అని. పండుతుంది. పండదని పుస్తకాలు ముందేసుకుని చెప్పినవాళ్ల కళ్లముందే పండించాను. అయితే ఆ పండించిన పంటనే ఒక ఏడాది నా చేతులతో నేనే ఇసుకలో పారబోశాను. మొదటి ముక్క అడగనివాళ్లకు కూడా చెప్తాను. రెండో ముక్క ఇంతవరకు ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. మీకైనా చెప్పాలని కూర్చున్నాను.

దోహాకు ఉత్తరంగా గంట దూరంలో ఉంది ఆ తోట. యజమానిని మేమంతా అర్బాబ్ అనేవాళ్లం. నెమ్మదస్తుడు. సిటీలో ఆఫీసు చూసుకుంటూ, తోటకు శుక్రవారం మాత్రం వచ్చేవాడు. రెండు వందల ద్రాక్ష మొదళ్లు ఆయన తండ్రి నాటినవి. సిరియా వైపు స్నేహితుడెవరో ఇచ్చిన కొమ్మలట. పెద్దాయన ఉన్నన్నాళ్లు ఇంటిల్లిపాదికీ పళ్లు, ఏడాది పొడుగునా వంటకు కావలసిన వెనిగర్ అక్కడినుంచే వచ్చేవి. ఆయన పోయాక వచ్చిన ప్రతివాడూ తనకు తోచినంత యూరియా చల్లి, ఉప్పుబోరు నీళ్లు తాపి, తోటను సగం చంపి వెళ్లిపోయాడు. మిగిలిన సగాన్ని బతికించమని నన్ను పిలిచారు.

నాతోపాటే ఇంకొకాయనను కూడా పిలిచారు. గుంటూరు వైపు మనిషి, పెద్ద చదువు చదివిన సలహాదారు. తోటంతా ఒక చుట్టు చుట్టి, బూట్ల ఇసుక దులుపుకుంటూ నాతో తెలుగులో, "ఎందుకండీ ఈ ముసలి తీగలతో కుస్తీ? పీకించేసి గ్రీన్‌హౌస్ వేయించండి. కీరదోస ఉత్త నీళ్లలో కాస్తుంది. మీకూ సుఖం, నాకూ సుఖం" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆ లెక్కన చూస్తే ఆయన చెప్పింది సబబే. కానీ బతికున్న తీగను పట్టుకుని ముసలిది అనేసరికి నాకు ఒళ్లు మండింది. ఆయన ముందే అర్బాబ్‌తో, ఈ తీగల్ని ఒక్క మందు వాడకుండా లేపి నిలబెడతానని శపథం చేసినట్టు చెప్పేశాను.

అర్బాబ్ ఇద్దరి మాటా విన్నాడు. రెండు ఎండాకాలాలు గడువిచ్చాడు. రెండో ఎండాకాలానికి తోట నుంచి అమ్మదగ్గది ఏదో ఒకటి రావాలి, రాకపోతే తీగలు పీకించి గ్రీన్‌హౌస్ వేయిస్తానన్నాడు. రెండెందుకు, ఒకటి చాలన్నాను. ఆ వయసులో కూడా నోటికి అడ్డూ ఆపూ లేదు నాకు.

తోటలో నీళ్లు చూసుకునే మనిషిది నిజామాబాద్ వైపు పల్లె. నాకంటే పెద్దవాడు, పెద్దాయన కాలం నుంచి ఉన్నవాడు. అరబ్బీ ఇంటివాళ్లలాగే మాట్లాడేవాడు. నేను ఆయన్ను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు. ఊళ్లోవాళ్లు ఫోన్ చేసి దుబాయ్‌లో ఎండలెట్లున్నయని అడిగితే, ఇది దుబాయ్ కాదని చెప్పడం ఎప్పుడో మానేశాడు. మంచిగున్నయని ఊరుకునేవాడు.

మా అనంతపురంలో ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఎండాకాలంలో ఒకటి, కాయ కోసం అక్టోబరులో ఇంకొకటి. చిన్నప్పటినుంచి చేతికి అలవాటైన లెక్క అది. అక్టోబరు రాగానే కత్తెర తీశాను. అన్న పైపు పక్కన పడేసి నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఈడ కోసుడు జనవరిల. పెద్దాయన గట్లనే చేస్తుండె" అన్నాడు.

"నాకే ద్రాక్ష నేర్పిస్తాండావా అన్నా?" అన్నాను.

ఆయన వెనక్కి వెళ్లి పైపు అందుకున్నాడు. తీగలు మాత్రం నేను చెప్పినట్టే చిగురించాయి, డిసెంబరులో పూత కూడా వేశాయి. నేను పందిరి కింద కాలర్ ఎగరేసుకుని తిరిగాను. తర్వాత నాలుగు రోజులు ఉత్తరపు గాలి తెరిపి లేకుండా కొట్టింది. పూతంతా నల్లబడి, చేత్తో నలిపితే పొడైపోయింది. మొదటి ఎండాకాలం అలా నా చేతులారా పోయింది.

అర్బాబ్ తల్లిని నేను మొదటిసారి చూసింది ఆ గాలి తర్వాతే. అక్కడి పనివాళ్లు ఇంటి పెద్దావిడను మామా అంటారు. నాకు ఆ పిలుపు నోట్లో తిరగక అమ్మా అనేవాణ్ణి. వాళ్లూ తల్లిని యుమ్మా అనే పిలుస్తారు కాబట్టి ఇబ్బంది రాలేదు. ముఖానికి పాతకాలపు ముసుగు, చేతికర్ర, వంగని నడుము. అక్టోబరులో కొమ్మలు కోసింది ఎవరని అన్నను అడిగింది. అన్న నేలచూపులు చూస్తుంటే నేనే ముందుకొచ్చి నేనని చెప్పాను. ఆవిడ మాడిన పూతను వేళ్లతో రాల్చి, ఖతార్‌లో కూడా చలికాలం ఉంటుందని నువ్వెక్కడా వినలేదా అని అన్నతో అడిగించింది. జవాబు కోసం ఆగకుండా కారెక్కింది.

రెండో ఏడాది నేను పడిన కష్టాన్ని తక్కువ చేసి చెప్పుకోను. తోటలోని మేకల ఎరువు, ఎండిన ఖర్జూరపు మట్టలు ముక్కలు చేసి కలిపి ఆరు నెలలు మాగబెట్టాం. చలికాలమంతా నీళ్లు బాగా పారించి వేళ్ల దగ్గరి ఉప్పును కిందికి దింపాం. గాలి వచ్చే వైపు మట్టలతో తడికలు కట్టాం. జనవరిలో, అన్న తలూపాకే, కత్తెర తీశాను. సలహాదారు రెండుసార్లు వచ్చి కొలతలు తీసుకుపోయాడు. గ్రీన్‌హౌస్ కోసమే ఆ కొలతలు. ఆయన టేపు పట్టుకుని నడిచిన వరసల్లోనే మార్చిలో కొత్త చిగుళ్లు వచ్చాయి. జూన్‌కు పందిరి నిండా గుత్తులు వేలాడాయి. ఒక్క చుక్క మందు లేదు, ఒక్క గింజ యూరియా లేదు. నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఇప్పుడు తలచుకున్నా అది సరైన గర్వమే.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఆ పండు చిన్నది. తోలు మందం, లోపల గింజ. తేనెలా ఉండేది కానీ, బజార్లో విత్తనం లేని బొద్దుపళ్లకు అలవాటుపడిన జనం దాన్ని చేత్తో ముట్టుకోలేదు. అప్పుడు అర్బాబ్ తల్లి కబురు పంపింది, మావారి కాలంలో చేసినట్టు ఖల్ చెయ్యండని. ఖల్ అంటే వెనిగర్. అర్బాబ్‌కు ఆ ఆలోచన నచ్చింది. దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో సేంద్రియ సరుకులు అమ్మే దుకాణదారు ఒకతను, సీసా మీద "ద్రాక్ష తప్ప మరేమీ లేదు" అని రాసుంటే బల్ల మీద ముందు వరసలో పెడతానన్నాడట. ఆ మాట విన్నప్పుడు నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఏమీ కలపకుండా పెంచిన తీగ, ఏమీ కలపకుండా తీసిన రసం, ఏమీ కలపని వెనిగర్. తీగలు నిలవడానికి అంతకంటే ఏం కావాలనుకున్నాను.

తోటలో మందపాటి గోడల పాత గది ఒకటుంటే కడిగించి, పన్నెండు పెద్ద గాజు జాడీలు పెట్టించాను. రసం తీసే ముందురోజు ఇంటి డ్రైవర్ వచ్చాడు. కడప వైపువాడు. కారు డిక్కీలోంచి నాలుగు డబ్బాలు దించాడు. పెద్దావిడ ఇంట్లో ఏటా చేసుకునే ఖర్జూరపు ఖల్ అది. మూడొంతులు రసానికి ఒక వంతు పాత ఖల్, రసం తీసిన పూటే కలపాలని, మరునాటికి ఆపవద్దని ఆవిడ గట్టిగా చెప్పి పంపింది.

నేను ఆ డబ్బాల్ని గది మూలకు నెట్టించాను. ఖర్జూరపు వెనిగర్ పోస్తే అది ద్రాక్ష తప్ప మరేమీ లేనిది ఎలా అవుతుంది? పైగా రసం ఊరికే వదిలేస్తే తనంతట తనే పులిసి, రెండు మూడు నెలల్లో వెనిగర్ అవుతుందని నాకు తెలుసు. చదువుకున్నదే. ఆవిడది పాతకాలపు చాదస్తమని కొట్టిపారేశాను.

అన్న రెండుసార్లు గుర్తుచేశాడు. "ఆమె ఊకెనే చెప్పదు సార్" అన్నాడు.

"ద్రాక్షంటే ద్రాక్షే ఉండల్ల అన్నా. దాంట్లో ఇంగోటి కలిపితే నేను రెండేండ్లు పడిన పాటుకు అర్థమేముంది?" అన్నాను.

మీకిప్పుడు అర్థమయ్యే ఉంటుంది, నాకప్పుడు అర్థం కానిది. రసం నేరుగా వెనిగర్ అయిపోదు. మధ్యలో సారా గుణం పట్టి, ఆ తర్వాతే పులుపు తిరుగుతుంది. మొదటే పాత వెనిగర్ కలిపితే ఆ మధ్య మెట్టు ఎక్కకుండా పులుపులోకి పోతుంది. పెద్దావిడలాంటివాళ్ల కుటుంబాల్లో తరాలుగా డబ్బాలు దాచుకునేది అందుకే. ఆ మధ్య మెట్టు నాకూ తెలుసు. కానీ ఆరో తరగతి దాటకుండా ఏడుకు ఎవరు పోతారు అన్నట్టు చూశానే తప్ప, ఆ గడపలో, ఈ దేశంలో ఆ మెట్టుకు ఏం పేరుందో ఆలోచించలేదు. తెలిసి కూడా ఆలోచించకపోవడం అన్నది తెలియకపోవడం కంటే పెద్ద తప్పని ఇప్పుడు ఒప్పుకుంటాను.

పది రోజులకు జాడీలు బుసబుసా పొంగాయి. అన్న గది గుమ్మం దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చి, కల్లు వాసనొస్తుంది సార్ అన్నాడు. మా దగ్గర పనిచేసే బంగ్లాదేశీయులిద్దరు ఆ గదివైపు రావడం మానేశారు. అడిగితే వేరే పనుందన్నారు. కడప డ్రైవర్ ఇంటినుంచి వచ్చినప్పుడల్లా, "ఏం సార్, ఆయమ్మ మాటిమాటికీ అడుగుతాంది, పోసినారా లేదా అని" అంటూ నా మొహం చూసేవాడు. చూసుకుంటాంలే అనేవాణ్ణి. ఇంతమంది ఇన్ని రకాలుగా చెప్తే చెవిన పెట్టని మొండితనం పేరు ఆ రోజుల్లో నా భాషలో నిబద్ధత.

జూలైలో ఒక శుక్రవారం ఉదయం పెద్దావిడ తనే వచ్చింది. ఆ ఎండల్లో ఆవిడ తోటకు రావడం ఎవరూ ఎరగరు. అర్బాబ్ పక్కన ఉన్నాడు. ఆవిడ గది గుమ్మం దగ్గర ఆగింది, లోపలికి కాలు పెట్టలేదు. ఒక్క ఊపిరి తీసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. తర్వాత నావైపు తిరిగి, నేను పంపినది పోశావా అని అడిగింది. అన్న నాకు తెలుగులో చెప్పాడు. చెప్పి, గొంతు తగ్గించి తన మాట కూడా కలిపాడు.

"పోసినమని చెప్పుండ్రి సార్. రెండు నెల్లయితే గదే ఖల్ అయితది. ఎవ్వలకెరుక?"

నిజంగానే ఎవరికీ తెలిసేది కాదు. నాలుగు డబ్బాలు అర్ధగంటలో ఇసుకలో ఒంపేస్తే సాక్ష్యమే లేదు. వాసన సంగతి అడిగితే ఎండ ఎక్కువైందని చెప్పొచ్చు. పోశానంటే తీగలు నిలుస్తాయి. పోయలేదంటే, ఈ దేశంలో సారా కాచినవాడిగా నేను, అది తన తోటలో కాయించినవాడిగా అర్బాబ్ నిలబడాలి. ఇవన్నీ నా బుర్రలో ఒక్కసారే తిరిగాయి. అయినా ఆవిడ ముందు అబద్ధం నోట్లోంచి రాలేదు. మంచితనం వల్ల అని చెప్పను. రెండేళ్లు ఏమీ కలపను, ఏమీ కలపను అని అందరిమీదా అరిచి, ఇప్పుడు కలిపానని చెప్పడానికి నాకు రోషం అడ్డొచ్చింది.

పోయలేదన్నాను.

ఆవిడ, "మరిచిపోయావా?" అని అడిగింది. ఈసారి అన్న తెలుగులోకి మార్చేటప్పుడు, అవునని అనమన్నట్టు కళ్లతో బతిమాలాడు.

"మరిచిపోలేదమ్మా. కావాలనే పోయలేదు. రెండు నెలలు ఆగండి, దానంతట అదే ఖల్ అవుతుంది."

"మరిచిపోయి ఉంటే ఆగేదాన్ని" అంది ఆవిడ. "పొరపాటున అయింది, తనంతట తనే మారుతుందని తలుపు వేసేదాన్ని. నువ్వు తెలిసి చేశావు. తెలిసి చేసింది ఎన్ని నెలలు ఆగినా మా గడపలో ఖల్ కాదు."

అరవలేదు, తిట్టలేదు. ఆవిడ నాకు తప్పించుకునే దారి చూపించిందని, నేనే దాన్ని కాలదన్నుకున్నానని అప్పుడు అర్థమైంది. అర్బాబ్ మొహంలో రక్తం లేదు. ఇప్పుడే, ఈ క్షణమే అంతా పారబోయాలన్నాడు. తీగల దగ్గర కాదు, కంచె బయట.

బంగ్లాదేశీయుల్ని ముట్టుకోమనలేదు. వాళ్లకది పాపం. అన్నా నేనూ మోశాం. పన్నెండు జాడీలు, ఒక్కొక్కటీ ఇద్దరం పట్టుకుని కంచె దాకా. ఇసుక ఎర్రగా తడిసి, నేను ఇంకో జాడీ తెచ్చేలోపు ఆరిపోయేది. ఈగలు ముసిరాయి. మూడో జాడీ దగ్గర నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. దాచుకోవడం దేనికి? ఆ రసంలో ఒక్కో గుత్తి ఏ వరసలోదో చెప్పగలను నేను. అన్న నా వైపు చూడకుండా జాడీ తన వైపుకు ఎక్కువ వంచుకుని బరువు మోశాడు.

పని అయ్యాక అర్బాబ్ నన్ను పిలిచి, నెలాఖరుకు వేరే కంపెనీ చూసుకోమన్నాడు. పోలీసుల మాట ఎత్తలేదు, అందుకు ఈనాటికీ ఆయనకు దండం పెడతాను. తర్వాత ఫోన్ తీశాడు, సలహాదారుకు చెయ్యడానికి. రెండో ఎండాకాలం అయిపోయింది, అమ్మడానికి ఏమీ రాలేదు, గడువు గడువేనన్నాడు.

నాకు ఏమైందో తెలియదు. ఫోన్ పట్టుకున్న ఆయన చేతికి అడ్డంగా చెయ్యి పెట్టాను. యజమాని చేతికి అలా అడ్డం పెట్టిన పనివాణ్ణి నేను మళ్లీ చూడలేదు, మీరూ ఆ పని చెయ్యకండి. నాకొచ్చిన హిందీ, అరబ్బీ, చేతిసైగలు అన్నీ కలిపి చెప్పాను.

"తప్పు నాది. నన్ను పంపండి, రేపే పోతాను. తీగలు వాటి పని అవి చేశాయి. పీకాలనుకుంటే పీకండి, కానీ నా తప్పు వల్ల పీకానని చెప్పుకోకండి. మీ నాన్న నాటింది మీకు అక్కర్లేదని చెప్పి పీకండి."

అర్బాబ్ ముఖం ఎర్రబడింది. కారు తలుపు పట్టుకుని నిలబడ్డ పెద్దావిడకు మా మాటలన్నీ వినిపించాయి. ఆవిడ నా వైపు చూడలేదు, కొడుకు వైపూ చూడలేదు. పందిరి వైపు ఒకసారి చూసి కారెక్కింది. అర్బాబ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నన్ను పంపించేశారు. రోడ్ల పక్కన పూలమొక్కలు పెంచే కంపెనీలో చేరాను. ముషైరిబ్ మెట్రో దగ్గర పెటూనియాలు నాటించడం నా డ్యూటీ. నజ్మాలో నలుగురం ఉండే గది. ద్రాక్ష మనిషినని చెప్పుకుంటే గదిలోవాళ్లు నవ్వేవాళ్లు. అన్న వారానికోసారి ఫోన్ చేసి ఒకే వార్త చెప్పేవాడు, తీగలున్నయ్ సార్ అని. ఇంకో ఏడాది ఆగమని పెద్దావిడ కొడుకుతో అన్నట్టు కడప డ్రైవర్ ద్వారా తెలిసిందట. ఎందుకు అన్నదో ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

జనవరి వచ్చింది. కత్తిరింపు వేళ. నా చోట ఎవర్నీ పెట్టలేదు, అన్నకు కత్తెర పట్టే అలవాటు లేదు. ఒక ఉదయం నాకు వీడియో కాల్ చేసి, ఫోన్ తీగకు ఎదురుగా పెట్టి, "యాడ కొయ్యాలె సార్?" అని అడిగాడు. తోటలో అడుగు పెట్టొద్దన్నారు సరే, ఫోన్‌లో చూడొద్దని ఎవరూ అనలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. డ్యూటీ మధ్యలో పెటూనియాల పక్కన గట్టు మీద కూర్చుని, కణుపు కణుపుకూ చెప్తూ రోజుకు పది మొదళ్లు కోయించాను. మా ఫోర్‌మన్ యల్లా యల్లా అని తొందరపెడుతూ అరుస్తుంటే చెయ్యి ఊపేవాణ్ణి.

నాలుగో రోజు, ఉన్నట్టుండి అన్న గొంతు ఆగిపోయింది. తెర మీద తీగే కనిపిస్తోంది. దాని వెనకనుంచి పెద్దావిడ గొంతు వచ్చింది. ఆవిడకు హిందీ కొంచెం వచ్చని అప్పుడే తెలిసింది.

"ఎవరది?"

"నేనేనమ్మా. పంపించేసినవాణ్ణి."

"పంపించేస్తే ఇంకా ఎందుకు మాట్లాడుతున్నావు?"

"నన్ను పంపింది తోటలోంచి కదమ్మా. తీగల సంగతి అప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు."

ఫోర్‌మన్ నా వైపు నడిచి వస్తున్నాడు. ఈ ఉద్యోగం కూడా పోయిందనుకున్నాను. అప్పుడు ఆవిడ, ఈ కొమ్మ ఎక్కడ కొయ్యాలని అడిగింది. రెండో కణుపు దాటాక, ఏటవాలుగా అని చెప్పాను. అన్న కోశాడు. కణుపుకు మరీ దగ్గరగా పడింది కత్తెర.

"తప్పు కోశాడు" అంది ఆవిడ.

"చూశానమ్మా."

"ఫోన్ చేత కోయించేది కాదు ఇది. వచ్చి నువ్వే కొయ్యి."

కంపెనీ మారడానికి మూడు వారాలు పట్టింది. నేను వెళ్లిన రోజు అర్బాబ్, పెద్దావిడ ఇద్దరూ పందిరి కింద ఉన్నారు. మళ్లీ వచ్చినందుకు నన్నెవరూ పొగడలేదు, పాత సంగతి ఎత్తలేదు. ఆవిడ తిన్నగా విషయంలోకి వచ్చింది. ఖల్ చేసే గదిలో నువ్వు అడుగు పెట్టకూడదు, రసం నీ చేతికి తగలకూడదు, గుత్తులు కోసి గుమ్మం దగ్గర దించేదాకే నీ పని అని చెప్పింది.

నేను తలూపి ఊరుకుంటే సరిపోయేది. నా నోరు ఊరుకోలేదు.

"సరేనమ్మా. ఆ గది మీది. ఈ పందిరి నాది. నన్ను అడక్కుండా ఇక్కడ ఒక్క కొమ్మ ఎవరూ కొయ్యకూడదు. మీరు కూడా."

అన్న ఈ మాటను అరబ్బీలో చెప్పడానికి సందేహించాడు. అర్బాబ్ గొంతు సవరించుకున్నాడు. ఆవిడకు అనువాదం అవసరం లేకపోయింది. కర్రతో ఇసుకలో పందిరికీ గదికీ మధ్య ఒక గీత గీసి, తమామ్ అంది. సరే అని.

ఆ జూన్‌లో ఖల్ ఆవిడ చేతి మీదుగా తయారైంది. మూడొంతులు ద్రాక్షరసం, ఒక వంతు ఖర్జూరపు ఖల్. సీసా మీద రెండూ రాశారు. ముషైరిబ్ దుకాణదారు మొహం తిప్పుకున్నాడు. ఇంకో దుకాణంవాళ్లు తీసుకున్నారు, మరుసటి ఏడాది ఇంకా కావాలన్నారు. నేను రుచి చూశాను. నేను చెయ్యాలనుకున్నదాని కంటే అది బాగుంది. ఈ మాట ఆవిడ ఉండగా ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు, ఆవిడా అడగలేదు. సలహాదారు ఒకసారి సీసా కొనుక్కుని పోతూ, "మొత్తానికి గెలిచారండీ మీరు" అన్నాడు. ఎవరు గెలిచారో ఆయనకు వివరించే ఓపిక లేక థాంక్స్ చెప్పాను.

తొమ్మిదేళ్లు ఆ ఒప్పందం అలాగే నడిచింది. ఏటా ఆవిడ వచ్చి, గీత అవతల కుర్చీ వేయించుకుని, నేను కోసే ప్రతి కొమ్మకూ వంక పెట్టేది. నేను గుమ్మం దగ్గర గుత్తులు దించి, రసం మురుగుతుందేమో చూసుకోండని బయటినుంచే అరిచేవాణ్ణి. ఇద్దరం ఒక్క మాట కూడా తగ్గలేదు. చివరి ఏడాది ఆవిడ కారులోంచి దిగలేకపోయింది. అద్దం దించి, కొమ్మలు చూపించమని అడిగి, బాగా కోశావని అంది. ఆవిడ నోట ఆ మాట రావడం నాకు ఏమాత్రం నచ్చలేదు. నాతో పోట్లాడే మనిషి నన్ను మెచ్చుకుందంటే ఏదో అయిపోవస్తోందని తెలిసిపోయింది.

ఆవిడ పోయిన నెలకు అర్బాబ్ తోటకు వచ్చాడు. వెనిగర్ గది తాళంచెవి నా చేతిలో పెట్టబోయాడు. ఇన్నేళ్లు చూశావు, పద్ధతి నీకూ తెలుసు, ఇకనుంచి ఇదీ నువ్వే చూసుకో, నీ మీద ఇప్పుడు నాకు పూర్తి నమ్మకం ఉందన్నాడు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మీ అమ్మ ఆ గదిలోకి నన్ను రానివ్వలేదు, రమ్మని మాట మార్చే వీలు ఇక ఆవిడకు లేదు కాబట్టి నేను రానని చెప్పాను. ఆయన కూతురు నానమ్మ దగ్గర పని చూసి నేర్చుకున్న పిల్ల, తాళం ఆ అమ్మాయికి ఇవ్వమన్నాను. అలాగే ఇచ్చాడు.

రిటైరయ్యే రోజు దాకా నేను ఆ గడప దాటలేదు. పందిరి కింద మాత్రం, నా చేతిలోంచి కత్తెర తీసుకోకుండా, ఒక్క కొమ్మ కూడా ఎవరినీ కొయ్యనివ్వలేదు.